రోబోటిక్ ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం పట్టు: టెక్నిక్ వాటా ఎంత, శిక్షణ వాటా ఎంత?

ఎంసీహెచ్_రెండోఏడు

అందరికీ నమస్కారం. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబోతో గ్రంథి తీసేశాక మూత్రం ఆపుకునే శక్తి, అంటే పట్టు, గురించి నా ప్రశ్న. రెట్జియస్ స్పేరింగ్ పద్ధతిలో (బ్లాడర్ ముందున్న చోటును తెరవకుండా వెనక దారిలో) చేస్తే మూత్రం పైపు తీసిన వారంలోనే పట్టు వస్తుందని కొందరు, ఏడాది తిరిగేసరికి ఏ దారిలో వెళ్లినా ఒకటేనని కొందరు అంటున్నారు. రెండు వైపులా చదివాక కూడా పట్టు అసలు దేనివల్ల నిలుస్తుందన్నది ముక్కలు ముక్కలుగానే అర్థమవుతోంది. కన్సోల్ (సర్జన్ కూర్చుని రోబోను నడిపే చోటు) మీద పనిచేసేవాళ్లు ఏ దశలో ఏది కాపాడతారో, ఎక్కడ చెడుతుందో వివరంగా రాయగలరా? ఫిజియోలు, నర్సులు కూడా చెప్పాలి. పైపు తీశాక రోగి మా దగ్గరకంటే మీ దగ్గరే ఎక్కువ కాలం ఉంటాడు.

కన్సోల్_వైజాగ్

ముందు ఏది పోతుందో, ఏది మిగులుతుందో చూద్దాం. మగవాళ్లలో మూత్రాన్ని ఆపే ఏర్పాట్లు రెండు. ఒకటి పైన బ్లాడర్ నెక్ (మూత్రాశయం మెడ) దగ్గర, రెండోది కింద, ప్రోస్టేట్ అపెక్స్ (కింది కొన) దాటాక మెంబ్రేనస్ యురెత్రా (మూత్రనాళంలో ఆ కొన కిందుండే భాగం) చుట్టూ. ప్రోస్టేట్‌తో పాటు పైది చాలావరకు పోతుంది. ఇక భారమంతా కింది స్ఫింక్టర్‌దే, అంటే మూసే కండరానిదే. అందులో లోపలి పొర నున్నని కండరం. మనం తలచుకోకపోయినా గంటల తరబడి మూసి ఉంచేది అదే. బయటి పొర గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది, ముందువైపు మందం, వెనకవైపు పలచన. దగ్గినప్పుడు, లేచినప్పుడు ఒక్కసారిగా బిగిసేది ఈ పొర. వెనకవైపు పలచగా ఉన్నచోట దానికి ఆనిక డెనోన్‌విలియర్స్ ఫేషియా (ప్రోస్టేట్‌కూ పురీషనాళానికీ మధ్య పొర), పెరీనియల్ బాడీ (మలద్వారం ముందున్న కండరాల ముడి). ముందువైపు ప్యూబోప్రోస్టాటిక్ లిగమెంట్లు దాన్ని ఎముకకు పట్టి ఉంచుతాయి.

కాబట్టి "స్ఫింక్టర్ కోయలేదు కదా, మరి ఎందుకు కారుతోంది" అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కండరం చెక్కుచెదరకపోయినా, దాని ఆనిక తెగితే బిగిసే శక్తి వృథా అవుతుంది.

ఆపరేషన్‌కు ముందే ఒక కొలత తీసుకోండి. ఎం.ఆర్.ఐ. కొరోనల్, సాజిటల్ టీ2 చిత్రాల్లో అపెక్స్ నుంచి పీనైల్ బల్బ్ (అంగం మూలంలోని ఉబ్బు) వరకు మెంబ్రేనస్ యురెత్రా పొడవు. సగటున 14 మి.మీ. దగ్గర ఉంటుంది, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. పొడవు ఎక్కువ ఉన్నవాళ్లకు పట్టు త్వరగా వస్తుందని 2017లో వచ్చిన మెటా అనాలిసిస్ (అనేక అధ్యయనాలను కలిపి వేసిన లెక్క) స్పష్టంగానే చూపించింది. 9, 10 మి.మీ. ఉన్న మనిషికి "నెలలో అంతా సర్దుకుంటుంది" అని మాట ఇవ్వకూడదు. రేడియాలజీ రిపోర్టులో ఈ కొలత మామూలుగా రాయరు, అడిగి రాయించుకోవాలి. అదే చిత్రంలో అపెక్స్ ఆకారం కూడా చూడండి. అపెక్స్ యురెత్రా మీదికి ముందు నుంచో వెనక నుంచో వాలి ఉంటే, నేరుగా అడ్డంగా కోసినప్పుడు యురెత్రా పొడవైనా తగ్గుతుంది, గ్రంథి ముక్కైనా మిగులుతుంది. వాలిన భాగాన్ని ముందు ఒలిచి, లోపల దాగిన యురెత్రాను బయటికి తెచ్చాకే కోయాలి.

యూరో_వరంగల్

వైజాగ్ సార్ చెప్పినదానికి అపెక్స్ దగ్గరి పని కలుపుతాను. నా లెక్కలో మొత్తం ఆపరేషన్‌లో పట్టును నిర్ణయించే పదిహేను నిమిషాలు ఇవే.

ముందు నుంచి వెళ్లే మామూలు పద్ధతిలో డోర్సల్ వీనస్ కాంప్లెక్స్‌ను (ప్రోస్టేట్ ముందున్న సిరల గుత్తిని) ఎలా అదుపు చేస్తామన్నది పెద్ద విషయం. కోయకముందే లోతుగా ఒక మందపాటి కుట్టు వేసి బిగిస్తే రక్తం ఆగుతుంది. కానీ ఆ కుట్టులో స్ఫింక్టర్ ముందుభాగం కూడా చిక్కుకునే ప్రమాదం ఉంది, ముందువైపే కదా అది మందంగా ఉండేది. దీనికి బదులు పొట్టలో గ్యాస్ ఒత్తిడిని కాసేపు 15 నుంచి 18, 20 మి.మీ. దాకా పెంచి, సిరల గుత్తిని చల్లటి కత్తెరతో కోసి, తెరుచుకున్న సిరల నోళ్లను మాత్రమే చూసి పైపైన కుట్టడం మేలు. కుట్టు అయ్యాక ఒత్తిడి తగ్గించి రక్తస్రావం ఉందేమో చూడాలి. మత్తు డాక్టరుకు చెప్పకుండా ఒత్తిడి పెంచొద్దు. తల కిందికి 25 నుంచి 30 డిగ్రీలు వంచి ఉన్న మనిషికి ఊపిరి, గుండె మీద భారం పెరుగుతుంది.

అపెక్స్ దగ్గర కాటరీ (కరెంటు వేడితో కాల్చడం) వద్దు. ఆ వేడి కనిపించే చోట ఆగదు, పక్కనున్న నరాల గుత్తికి, స్ఫింక్టర్‌కు పాకుతుంది. యురెత్రా ముందుగోడను చల్లటి కత్తెరతో కోసి, కాథెటర్ కనిపించాక కొంచెం వెనక్కి లాగి, వెనకగోడను చూస్తూ కోయాలి. వెనకగోడ గుడ్డిగా కోస్తే, కత్తెర కిందికి జారి రెక్టోయురెత్రాలిస్ (పురీషనాళం ముందున్న కండరం) వైపు వెళ్తుంది. పొడవు ఒకసారి పోతే తిరిగిరాదు.

బ్లాడర్ నెక్ సంగతి. వృత్తాకారపు నారలు కాపాడుతూ సన్నగా విడదీస్తే పట్టు ముందుగా వస్తుంది, బ్లాడర్‌ను యురెత్రాకు కలిపే అతుకు కూడా సులువు. కానీ ప్రోస్టేట్ బేస్ (బ్లాడర్ వైపు భాగం) దగ్గర ట్యూమర్ ఉంటే ఆశపడకూడదు. మీడియన్ లోబ్ (గ్రంథి మధ్య తమ్మె) పెద్దదైతే, పాత టీ.యూ.ఆర్.పీ. (మూత్రనాళం గుండా ప్రోస్టేట్ గీకే ఆపరేషన్) ఉంటే నెక్ వెడల్పుగానే తెరుచుకుంటుంది. అప్పుడు రెండు యురెటర్ల (కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే గొట్టాల) నోళ్లు ఎక్కడున్నాయో కళ్లారా చూసుకుని, పక్కల కుట్టి నోరు చిన్నది చేయాలి. యురెటర్ నోటికి మరీ దగ్గరగా కుట్టు పడితే పట్టు మాట అటుంచి కిడ్నీకే ఎసరు.

ఎంసీహెచ్_రెండోఏడు

చాలా ఉపయోగపడింది సార్. రోక్కో కుట్టు సంగతి? అందరూ వేస్తున్నారు, ఆధారాలు మాత్రం రెండు రకాలుగా ఉన్నాయి.

కన్సోల్_వైజాగ్

ఫ్రాంచెస్కో రోక్కో మిలాన్‌లో ఓపెన్ ఆపరేషన్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. తెగిన డెనోన్‌విలియర్స్ అంచును స్ఫింక్టర్ వెనక ఉన్న మీడియన్ రాఫేతో (మధ్య నారల గీతతో) కలిపి, ఆ రెంటినీ బ్లాడర్ నెక్ వెనక, ఒకటి రెండు సెం.మీ. పైన పట్టిస్తాం. ఆనిక తిరిగి కట్టడం అన్నమాట. మొదటి నెలల్లో లాభం ఉందని కొన్ని పరిశీలనలు చెప్పాయి. డెట్రాయిట్‌లో 2008లో వచ్చిన రాండమైజ్డ్ ట్రయల్‌లో (రోగులను చీటీ వేసినట్టు గుంపులుగా విడదీసి పోల్చే పరీక్షలో) తేడా తేలలేదు. ఏడాది నాటికి లాభం ఉంటుందని నేను చెప్పను. అయినా వేస్తాను. బ్లాడర్ కిందికి వచ్చి అతుకు మీద లాగుడు తగ్గుతుంది, వెనకగోడ కుట్లు తెగకుండా నిలుస్తాయి, చిన్న రక్తస్రావం కూడా ఆగుతుంది. సూది లోతు మాత్రం జాగ్రత్త. రాఫేను మాత్రమే పట్టాలి, పక్కనున్న లెవేటర్ కండరాన్ని కలిపి లాగితే నొప్పి, బిగుతు.

అతుకుకు వాన్ వెల్తోవెన్ పద్ధతి 2003 నుంచి ఉంది. 3-0 మోనోఫిలమెంట్ దారాలు రెండు, ఒక్కొక్కటి 15 నుంచి 20 సెం.మీ., తోకలు కలిపి ముడేసి ఉంటాయి. 17 మి.మీ. సూది సరిపోతుంది. గడియారం ముఖంలా అనుకుంటే అయిదు, ఆరు గంటల స్థానంలో బ్లాడర్‌లో బయటి నుంచి లోపలికి, యురెత్రాలో లోపలి నుంచి బయటికి మొదలుపెట్టి రెండు వైపులా పైకి రావాలి. మూడు నాలుగు కుట్లు వదులుగా వేసి, ఆ తర్వాత బ్లాడర్‌ను నెమ్మదిగా కిందికి దించండి. ఒక్కో కుట్టూ బిగిస్తూ పోతే యురెత్రా చిరుగుతుంది. ముళ్ల దారం వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అది ఒకసారి బిగిస్తే వెనక్కి రాదు. అతిగా బిగిస్తే అంచులకు రక్తం అందదు, మూడు నెలలకు అక్కడ సన్నబడుతుంది. యురెత్రా మొండెం లోపలికి జారిపోయి కనిపించకపోతే అసిస్టెంటును పెరీనియం (వృషణాలకూ మలద్వారానికీ మధ్య చోటు) మీద పిడికిలితో నొక్కమనండి, బయటికి వస్తుంది. చివర్లో 120 నుంచి 200 మి.లీ. సెలైన్ ఎక్కించి కారుతోందేమో చూడాలి. కారితే డ్రెయిన్ పెట్టి సరిపెట్టుకోవడం కాదు, ఎక్కడో కనిపెట్టి అక్కడే ఇంకో కుట్టు వేయాలి.

డెట్రాయిట్_తెలుగు

రెట్జియస్ స్పేరింగ్ సంగతికి వద్దాం. మిలాన్ నీగ్వార్దా ఆసుపత్రిలో ఆల్డో బొచ్చార్ది బృందం 2010లో ప్రచురించింది. బ్లాడర్‌ను పొట్టగోడ నుంచి దించరు. డగ్లస్ పౌచ్‌లో (బ్లాడర్‌కూ పురీషనాళానికీ మధ్య పల్లంలో) పెరిటోనియం (పొట్ట లోపలి పొర) కోసి, సెమినల్ వెసికిల్స్ (వీర్య సంచులు) వెనక నుంచి, బ్లాడర్ కింది దారిలో ప్రోస్టేట్‌ను చేరతారు. డోర్సల్ సిరలు, ప్యూబోప్రోస్టాటిక్ లిగమెంట్లు, ముందువైపు ఫేషియా అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. బ్లాడర్ తన స్థానం నుంచి కిందికి జారదు.

దీన్ని రాండమైజ్డ్ ట్రయల్‌గా పరీక్షించింది ఇక్కడి హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలోని వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్, మణి మీనన్ నాయకత్వంలో. మనవాళ్లయిన వట్టికూటి రాజ్, పద్మ దంపతుల విరాళంతో ఏర్పడిన సంస్థ కాబట్టి చాలామందికి పేరు తెలిసే ఉంటుంది. 120 మంది రోగులు. పైపు తీసిన వారానికి పట్టు వచ్చినవాళ్లు రెట్జియస్ స్పేరింగ్‌లో 71 శాతం, మామూలు పద్ధతిలో 48 శాతం. మూడు నెలలకు 95, 86. ఏడాదికి 98, 93, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. తీసిన గ్రంథి అంచున క్యాన్సర్ కనిపించినవి (మార్జిన్ పాజిటివ్) 25 శాతం, 13 శాతం. ఇది కూడా గణాంకపరంగా నిలవలేదు, కానీ 120 మందితో దాన్ని తేల్చడం కష్టం. 2020 కాక్రేన్ సమీక్ష (ట్రయల్స్‌ను కలిపి తూచేది) కూడా ఈ దారిలోనే మాట్లాడింది: తొలి వారాలకు లాభం ఉండొచ్చు, ఏడాదికి పెద్ద తేడా లేదు, మార్జిన్ పాజిటివ్ పెరిగే అవకాశం ఉంది.

యూరో_వరంగల్

ఆ మార్జిన్ల మాటే నా అభ్యంతరం. మన దగ్గర చాలామంది పీ.ఎస్.ఏ. (ప్రోస్టేట్ రక్తపరీక్ష అంకె) పెరిగాక ఆలస్యంగా వస్తారు. ముందుభాగంలో, ట్రాన్సిషన్ జోన్‌లో (గ్రంథి లోపలి భాగంలో) ట్యూమర్ ఉంటే రెట్జియస్ స్పేరింగ్‌లో సరిగ్గా ఆ ముందుగోడ మీదే అతి పలచగా వెళ్తాం. అక్కడ క్యాన్సర్ మిగిలితే తర్వాత రేడియేషన్. మూడు నెలలు ముందు వచ్చిన పట్టు రేడియేషన్‌తో తగ్గొచ్చు. అప్పుడు ఏం సంపాదించినట్టు?

డెట్రాయిట్_తెలుగు

సార్, ఆ అభ్యంతరం సబబే. అందుకే రోగిని ఎంచుకోవడంలో ఉంది అంతా. ఎం.ఆర్.ఐ.లో ముందువైపు గాయం కనిపిస్తే, గ్రంథి బాగా పెద్దదైతే, మీడియన్ లోబ్ ఉంటే, నేర్చుకునే దశలో ఉంటే ముందుదారే మంచిది. వెనకవైపు, పరిమితమైన ట్యూమర్, 40, 50 గ్రాముల గ్రంథి, యురెత్రా పొట్టిది ఉన్న మనిషికి రెట్జియస్ స్పేరింగ్ అర్థవంతం. ఇంకో మధ్యేమార్గం ఉంది. అశుతోష్ తివారి బృందం మౌంట్ సైనైలో రాసిన హుడ్ పద్ధతిలో ముందు నుంచే వెళ్లి, డిట్రూసర్ ఏప్రన్ (ప్రోస్టేట్ ముందుకు పరుచుకున్న బ్లాడర్ కండరపు పొర), ప్యూబోప్రోస్టాటిక్ లిగమెంట్లు ఉన్న ముందు కప్పును మాత్రం వదిలేస్తారు. అక్కడ కూడా షరతు ఒకటే, ముందువైపు ట్యూమర్ ఉండకూడదు.

రెట్జియస్ స్పేరింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. చోటు ఇరుకు. పెరిటోనియం పై అంచును పొట్టగోడ గుండా రెండు స్టే కుట్లతో ఎత్తి కట్టకపోతే ప్రతి నిమిషం కెమెరా మీద వాలుతుంది. అతుకు ముందుగోడ నుంచి, అంటే పన్నెండు గంటల నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, మామూలు పద్ధతికి తలకిందులు. బ్లాడర్ నెక్ వెనక నుంచి విడదీసేటప్పుడు ప్రోస్టేట్‌కూ బ్లాడర్‌కూ హద్దు తప్పితే గ్రంథిలోకే దూరిపోతాం.

లెక్కల_మాస్టారు

నేను డాక్టరును కాదు, బయోస్టాటిస్టిక్స్ మనిషిని. పై అంకెలు చదివేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ డెట్రాయిట్ ట్రయల్‌లో "పట్టు వచ్చింది" అంటే ప్యాడ్ అసలు లేకపోవడం, లేదా రోజుకు ఒక రక్షణ లైనర్. ఇంకో చోట ప్యాడ్ ఒక్కటి కూడా ఉండకూడదంటారు. మరో చోట చుక్క కారినా పట్టు లేనట్టే. 2011లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ వారి మ్యాప్స్ ట్రయల్‌లో (వ్యాయామ శిక్షణను పరీక్షించినది) ప్రోస్టేట్ తీసేసినవాళ్లలో ఏడాదికి కూడా 76, 77 శాతం మందికి ఎంతో కొంత కారుతోంది. ఒక ఆసుపత్రి కరపత్రంలో 95 శాతం పట్టు అని, మ్యాప్స్‌లో 24 శాతమే అని ఉంటే ఆసుపత్రి నాణ్యత నాలుగు రెట్లని కాదు. కొలబద్ద వేరు. రోగి అడగాల్సింది "మీ దగ్గర ఎంత శాతం" అని కాదు, "మీరు పట్టు అని దేన్ని అంటారు, ఎన్ని నెలలకు, చెప్పింది రోగా, సర్జనా" అని.

రోబో వల్లే పట్టు మెరుగన్న ప్రచారం కూడా నిలవదు. స్వీడన్ లాప్రో అధ్యయనంలో ఏడాదికి పట్టులేనివాళ్లు రోబోలో 21 శాతం, ఓపెన్‌లో 20 శాతం. బ్రిస్బేన్ రాండమైజ్డ్ ట్రయల్‌లో, 2016లో, 12 వారాలకు మూత్రం విషయంలో తేడా కనిపించలేదు.

కన్సోల్_వైజాగ్

మాస్టారూ, ఒప్పుకుంటాను. రోబో రక్తస్రావం తగ్గిస్తుంది, అపెక్స్‌ను దగ్గరగా, పెద్దదిగా చూపిస్తుంది. అక్కడ ఏం చేయాలో చేసేవాడికి తెలియాలి.

పెల్విక్‌ఫిజియో_హైదరాబాద్

శిక్షణ గురించి నా వంతు. మాస్టారు చెప్పిన మ్యాప్స్ ట్రయల్‌ను చూపించి "వ్యాయామం దండగ" అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ట్రయల్‌లో రెండో గుంపుకూ వ్యాయామాల సమాచారం అందుబాటులోనే ఉంది. 2000లో బెల్జియం వాళ్ల ట్రయల్‌లో మూడు నెలలకు పట్టు వచ్చినవాళ్లు శిక్షణతో 88 శాతం, లేకుండా 56 శాతం. త్వరపడటానికి శిక్షణ పనికొస్తుంది. ఏడాది చివరి ఫలితాన్ని మారుస్తుందని నేను హామీ ఇవ్వను.

అసలు తప్పు జరిగేది సూచనలో. "మలద్వారం బిగించండి" అని చెప్తారు. అది ఏనల్ స్ఫింక్టర్‌ను బిగిస్తుంది, మూత్రనాళం స్ఫింక్టర్ పెద్దగా కదలదు. ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్ బృందం పెరీనియల్ అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే, "అంగాన్ని లోపలికి లాక్కుని పొట్టిది చేయండి" అన్న సూచనకు యురెత్రా స్ఫింక్టర్ బాగా పనిచేసింది. తెలుగులో పెద్దవాళ్లకు నేను చెప్పే మాట: "చల్లటి నీళ్లలో నడుము దాకా దిగుతున్నప్పుడు ముందుభాగం ఎలా లోపలికి ముడుచుకుంటుందో, అలా లాగండి." వెంటనే అర్థమవుతుంది. సరిగ్గా చేస్తున్నారో లేదో అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు. అంగం మొదలు లోపలికి పోవాలి, వృషణాలు కొంచెం లేవాలి. పొట్ట బిగుసుకున్నా, పిరుదులు దగ్గరికొచ్చినా, ఊపిరి బిగబట్టినా తప్పు. ఊపిరి బిగబడితే పొట్ట ఒత్తిడి పెరిగి మూత్రాన్ని కిందికి నెట్టేస్తుంది, అంటే వ్యాయామమే లీకును పెంచుతుంది.

మోతాదు: ఆపరేషన్‌కు మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టాలి. నెమ్మదిగా బిగించి 5 సెకన్లతో మొదలై 10 సెకన్ల దాకా, అంతే సేపు పూర్తిగా వదలడం, 10 సార్లు. ఆ తర్వాత టకటకా బిగించి వదలడం 10 సార్లు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, చివరికి నిలబడి. పైపు ఉన్నన్నాళ్లూ ఆపేయాలి. పైపు తీసిన రోజు నుంచి మళ్లీ. లేచే ముందు, దగ్గే ముందు, బిందె ఎత్తే ముందు ఒక్క క్షణం బిగించి అప్పుడు కదలడం అన్నిటికంటే ముఖ్యం. రోజుకు రెండు మూడు వందలు చేసేవాళ్లు ఉంటారు. వాళ్లకే సాయంత్రం ఎక్కువ కారుతుంది, కండరం అలసిపోతుంది కాబట్టి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం ఒకసారి కండరాన్ని గుర్తుపట్టడానికి సరే, రోజూ చేసే వ్యాయామం కాదు.

పట్టు వచ్చే వరస మామూలుగా ఇలా ఉంటుంది: ముందు రాత్రి పొడిగా ఉంటుంది, తర్వాత కూర్చున్నప్పుడు, తర్వాత నడకలో. చివరికి మిగిలేవి కింద కూర్చుని లేవడం, తుమ్ము, సాయంత్రాలు. రాత్రి కూడా పడుకున్నచోటే కారుతుంటే మూడు వారాలు చూసి సర్జన్‌కు చెప్పండి.

వార్డు_సిస్టర్

మేడమ్ రాసింది ప్రింటు తీసి గోడకు అంటించాల్సిన మాట. పైపు గురించి నేను రాస్తాను.

ఆపరేషన్‌లో వేసేది 16 లేదా 18 ఫ్రెంచ్ (పైపు లావు కొలత) ఫోలీ, అంటే బెలూన్ ఉన్న మూత్రం పైపు. సాధారణంగా 7 నుంచి 10 రోజులు. అతుకు కష్టమైతే ఎక్కువ రోజులు ఉంచి, రంగు ఎక్కించి ఎక్స్‌రే చూసి తీస్తారు. తొడకు అంటించిన పట్టీ రోజూ చూడాలి, లాగుడు పడితే బెలూన్ అతుకు మీదకే వస్తుంది. సంచి ఎప్పుడూ బ్లాడర్ కంటే కిందే ఉండాలి, మంచం మీద పెట్టొద్దు, ఆటోలో ఒళ్లో పెట్టుకోవద్దు. పైపు పక్క నుంచి కారితే ముందు గొట్టం మడత పడిందేమో, గడ్డ అడ్డుపడిందేమో చూడాలి. సంచిలోకి మూత్రం బాగానే వస్తూ, ఉండుండి పొత్తికడుపు పట్టేసి పక్క నుంచి వస్తుంటే అది బ్లాడర్ స్పాజం, డాక్టరు మందు రాస్తారు. ముక్కడం వల్ల ఇది పెరుగుతుంది, కాబట్టి విరేచనం మెత్తగా అయ్యేలా చూడాలి.

ఇంటికి వెళ్లాక పైపు జారి ఊడొచ్చింది అనుకోండి. దయచేసి దగ్గర్లోని క్లినిక్‌లో కొత్త పైపు వేయించుకోవద్దు. గుడ్డిగా తోస్తే పైపు కొన అతుకు వెనకగోడను చీల్చి బ్లాడర్ బయటికి వెళ్లిపోతుంది. ఆపరేషన్ చేసిన చోటికే రండి. సన్నని కెమెరాతో చూసి, తీగ మీదుగా వేస్తారు. పైపు తీసేశాక వాపుతో మూత్రం ఆగిపోయినా ఇదే మాట.

ఎంసీహెచ్_రెండోఏడు

ఓపీలో "రోజుకు ఎన్ని ప్యాడ్లు" అని అడిగి రాసేస్తున్నాం. అది చాలా?

లెక్కల_మాస్టారు

చాలదు. ఒకాయన తడి తగలగానే మారుస్తాడు, ఇంకొకాయన బరువెక్కే దాకా ఉంచుతాడు. ఇద్దరికీ మూడేసి ప్యాడ్లే. వంటింటి డిజిటల్ త్రాసు చాలు, 1 గ్రాము తేడా చూపిస్తే సరి. పొడి ప్యాడ్ బరువు రాసుకోండి. 24 గంటల్లో వాడినవన్నీ గాలి చొరని కవర్లో వేసి తూచి, పొడి బరువు తీసేయండి. 1 గ్రాము దాదాపు 1 మి.లీ. మూత్రం. అదే రోజు కొలగ్లాసులో పోసిన మూత్రం కూడా రాయాలి. ప్యాడ్లలో 150 గ్రాములు, గ్లాసులో 1350 మి.లీ. అయితే మొత్తంలో కారింది పదో వంతు. నెలకోసారి, ఒకే రకం రోజున తూచితే పోలిక కుదురుతుంది.

యూరో_వరంగల్

మంచి పద్ధతి మాస్టారూ. ఆ తూకం చేతిలో ఉంటేనే ముందుకు వెళ్లాలా, ఆగాలా తేలుతుంది.

ఓపీలో పీజీలు తప్పకుండా చేయాల్సిన ఇంకో పని, పాత మందుల చీటీ చూడటం. ఆపరేషన్‌కు ముందు ప్రోస్టేట్ కోసం రాసిన టామ్సులోసిన్ చాలామంది ఇంకా మింగుతూనే ఉంటారు. ప్రోస్టేట్ పోయింది, ఆ మందు మిగిలిన నున్నని కండరాన్ని వదులు చేస్తుంది. బీపీకి ప్రాజోసిన్ వాడేవాళ్లదీ అదే ఇబ్బంది. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడితే మూత్రం పరిమాణమే పెరుగుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల పొడిదగ్గు వస్తే ప్రతి దగ్గుకూ లీకు. రోగి తనంతట తాను ఏదీ ఆపకూడదు, రాసిన డాక్టరుతో మాట్లాడి మార్పించాలి. నీళ్లు మానేయడం కూడా తప్పు. చిక్కటి మూత్రం బ్లాడర్‌ను రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. మే నెల ఎండల్లో మరీ ప్రమాదం. టీ, కాఫీలు తగ్గిస్తే చాలు.

లీకు ఏ రకమో కూడా విడదీయాలి. దగ్గితే, లేస్తే వచ్చేది స్ట్రెస్. "వస్తోంది" అనిపించి బాత్రూమ్ చేరేలోపే పోయేది అర్జ్, దానికి సోలిఫెనసిన్, మిరాబెగ్రాన్ లాంటివి. మూత్రం పరీక్ష, మూత్రం పోశాక బ్లాడర్‌లో ఎంత మిగిలిందో స్కాన్, ఈ రెండూ అయ్యాకే మందు. మూడో రకాన్ని ఎక్కువగా వదిలేస్తారు: బాగుపడుతూ వచ్చిన మనిషికి రెండు మూడు నెలలకు ధార సన్నబడి, లీకు మళ్లీ పెరిగితే అది అతుకు దగ్గర సన్నబడటం. యూరోఫ్లో (ధార వేగం పరీక్ష) పెట్టి చూడండి. వ్యాయామం ఎక్కువ చేయమని పంపేస్తే నెలలు వృథా.

పెల్విక్‌ఫిజియో_హైదరాబాద్

డులోక్సెటిన్ మందు గురించి ఒక్క మాట సార్?

యూరో_వరంగల్

స్ట్రెస్ లీకుకు పనిచేస్తుంది, కానీ మగవాళ్లలో ఈ అవసరానికి ఆమోదం లేని వాడకం. వికారం, నిద్రమత్తు వల్ల చాలామంది మానేస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, ఆపేటప్పుడు కూడా మెల్లగా తగ్గించాలి. శిక్షణకు తోడుగా కొన్ని వారాలే.

వార్డు_సిస్టర్

పెళ్లికి వెళ్లాలని క్లాంపు (అంగాన్ని నొక్కి మూత్రం ఆపేది) అడుగుతుంటారు. రెండు గంటలకోసారి తీసి మూత్రం పోయాలి, రాత్రి అసలు పెట్టకూడదు, స్పర్శ తగ్గిన షుగరు రోగులకు, అయోమయం ఉన్న పెద్దవాళ్లకు వద్దు. చర్మం పుండు పడిందాకా తెలియదు. కండోమ్ కాథెటర్ ప్రయాణానికి సరే, రోజంతా అలవాటైతే పట్టు నేర్చుకోవాల్సిన అవసరమే కండరానికి ఉండదు. స్కూటర్, సైకిల్ ఆరు వారాలు వద్దు, సీటు సరిగ్గా అక్కడే నొక్కుతుంది.

ఎంసీహెచ్_రెండోఏడు

చివరి ప్రశ్న. అన్నీ చేశాక కూడా తగ్గకపోతే ఎన్నాళ్లు చూడాలి? రేడియేషన్ అవసరమైనవాళ్ల సంగతేంటి?

కన్సోల్_వైజాగ్

అమెరికన్ మార్గదర్శకాలు 2019లో చెప్పింది ఇది: శిక్షణ చేసినా ఆరు నెలలకు మెరుగుదల కనిపించకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, ఏడాదికి కూడా ఇబ్బంది పెడుతుంటే తప్పక సూచించాలి. మన దగ్గర మూడేళ్లు డైపర్లతో గడిపి వచ్చేవాళ్లున్నారు, దారి ఉందని ఎవరూ చెప్పకే. తూకం నెలనెలా తగ్గుతుంటే ఆగండి, రెండు మూడు నెలలు కదలకుండా ఒకేచోట ఉంటే పంపండి. కొద్దిపాటి, మధ్యస్థ లీకు, రేడియేషన్ లేకపోవడం, కెమెరాలో స్ఫింక్టర్ మూసుకోవడం కనిపిస్తే మేల్ స్లింగ్ (యురెత్రాకు కింద నుంచి ఆనిక ఇచ్చే పట్టీ). ఎక్కువ లీకు ఉన్నా, రేడియేషన్ అయినా కృత్రిమ స్ఫింక్టర్.

రేడియేషన్ విషయంలో రాడికల్స్ ట్రయల్ 2020లో చూపింది గుర్తుంచుకోండి. అందరికీ వెంటనే ఇచ్చిన గుంపులో ఏడాదికి మూత్రం లీకు ఎక్కువ, క్యాన్సర్ అదుపులో లాభం తేలలేదు. కాబట్టి పీ.ఎస్.ఏ. గమనిస్తూ, పెరగడం మొదలైతే ఆలస్యం చేయకుండా ఇవ్వడమే ఎక్కువమందికి సరైన దారి. లింఫ్ గ్రంథుల్లో ఉంటే, గ్రేడు తీవ్రమైతే లెక్క వేరు. పట్టు కోసం క్యాన్సర్ చికిత్సను వాయిదా వేస్తూ పోకూడదు.

యూరో_వరంగల్

కృత్రిమ స్ఫింక్టర్ పెట్టినవాళ్ల గురించి అన్ని విభాగాల పీజీలకూ తెలియాల్సింది ఒకటుంది. ఏ.ఎం.ఎస్. 800లో మూడు భాగాలు: యురెత్రా చుట్టూ కఫ్, వృషణ సంచిలో పంపు, పొట్టలో బెలూన్. పెట్టిన ఆరు వారాలకు ఆన్ చేస్తాం. పంపు నొక్కితే కఫ్ తెరుచుకుంటుంది, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే నిండి మూసుకుంటుంది. ఇలాంటి మనిషి గుండెనొప్పితోనో, తుంటి విరిగో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వస్తే, అక్కడ ఎవరో అలవాటుగా ఫోలీ వేస్తారు. మూసి ఉన్న కఫ్ గుండా పైపు తోస్తే యురెత్రా కోసుకుపోతుంది, మొత్తం పరికరం తీసేయాల్సి వస్తుంది. ముందు కఫ్ ఖాళీ చేసి, పంపు మీది చిన్న బొత్తాం నొక్కి ఆఫ్ చేయాలి. ఆ తర్వాతే, 12 లేదా 14 ఫ్రెంచ్ సన్నపైపు, అదీ ఒకటి రెండు రోజులకు మించకుండా. అంతకంటే ఎక్కువ రోజులు కావాలంటే పొట్ట మీది నుంచి సుప్రాప్యూబిక్ పైపు వేయండి. డిశ్చార్జి చీటీలో తెలుగులో ఒక వాక్యం రాసి, జేబులో పెట్టుకునే కార్డు ఇచ్చి పంపండి: "నాకు కృత్రిమ స్ఫింక్టర్ ఉంది. యూరాలజిస్టు దాన్ని ఆఫ్ చేయకుండా యూరిన్ పైపు వేయకండి."